ఫొటో గోడెక్కే దారి

అమెరికాలో ఊరి గ్రంథాలయాలు పెద్ద పిల్లలకు పెట్టే ఫొటో పోటీలు అక్కడి తెలుగు ఇళ్లకు కొత్త కాదు. వేసవిలో గ్రంథాలయం తలుపు పక్కన ఒక కాగితం వెలుస్తుంది. 12 నుంచి 18 ఏళ్ల వయసువాళ్లు, ఫలానా తేదీలోగా, ఫలానా కొలతలో ఫొటో ఇవ్వాలని దాని సారాంశం. ఇంట్లో ఆ వయసు పిల్లలుంటే ఆ కాగితం ఇంటికొచ్చి ఫ్రిజ్ తలుపెక్కుతుంది. గడువు దాటాక చాలాసార్లు చెత్తబుట్టలోకి దిగుతుంది. మా కౌంటీ గ్రంథాలయం వాళ్ల కాగితాన్ని మాత్రం నేను దాచుకున్నాను. అటూ ఇటూ అచ్చయిన ఒకే ఒక్క కాగితం. మొదటిసారి చదివితే ప్రభుత్వ ఫారంలా ఉంటుంది. ఆ పోటీకి ఫొటోలు సిద్ధం చేసే పనిలో నేనూ కాస్త చేయి వేశాక, ఒక్కో వాక్యం ఎందుకు పుట్టిందో తెలిసొచ్చింది.

పోటీ అంటే మనకి బహుమతులూ చప్పట్లూ గుర్తొస్తాయి. అవి చివరి అరగంట సంగతి. అంతకుముందు జరగాల్సిన పని వేరే ఉంది. పదహారేళ్ల పిల్ల ఏదో చూసింది. ఆ చూసినది ఫైలుగా, ఫైలు కాగితంగా, కాగితం పటంగా మారి గోడ మీదికి రావాలి. దారిలో అది మసకబారకూడదు, అంచులు తెగకూడదు, ఎవరి పిల్లో తెలిసిపోకూడదు, ఎవరి డబ్బూ దానికి మెరుగు పెట్టకూడదు. చెడగొట్టే దారులు బోలెడు. ఆ కాగితంలో ఒక్కో నిబంధన ఒక్కో దారికి వేసిన గడియ.

గ్రంథాలయానికి ఫొటోలతో ఏం పని అని అడిగేవాళ్లు ఉంటారు. పని పాతదే. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో బొమ్మల విభాగం 1915లో మొదలైంది. పత్రికల్లోంచీ చిరిగిన పుస్తకాల్లోంచీ కత్తిరించిన బొమ్మల్ని, ఫొటోల్ని విషయాలవారీగా సర్ది, పుస్తకాల్లాగే పాఠకులకు ఇంటికిచ్చేవాళ్లు. 1929 నుంచి 1968 దాకా ఆ విభాగాన్ని నడిపిన రొమానా జావిట్స్, బొమ్మ కూడా చదవాల్సిన పత్రమే అన్న పట్టుదలతో పనిచేసింది. మా గ్రంథాలయంలో పోటీ గడువు దగ్గరపడేకొద్దీ డ్యూయీ వర్గీకరణలో 770 అంకె వేసిన అర పలచబడుతుంది. ఫొటోగ్రఫీ పుస్తకాలుండేది అక్కడే. లైబ్రేరియన్ అసలు ఎత్తుగడ అదేనని నా అనుమానం.

వయసు నిబంధన గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. టీనేజీ పాఠకులంటే 12 నుంచి 18 ఏళ్లవాళ్లని అమెరికా గ్రంథాలయ వృత్తిలో స్థిరపడిన లెక్క. పన్నెండేళ్లవాడినీ పద్దెనిమిదేళ్లవాడినీ ఒకే బరిలోకి దించడం అన్యాయం కాబట్టి 14 దాకా ఒక జట్టు, ఆపైన ఇంకో జట్టు.

ఆ తర్వాతి వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఫొటో గడిచిన పన్నెండు నెలల్లో, మీ ఇంటికి ఒక మైలు లోపల తీసినదై ఉండాలి. అంతే. ఈ ఒక్క వాక్యం ఎంత పని చేస్తుందో చూడండి. సెలవులకు హవాయి వెళ్లొచ్చిన పిల్లవాడి అగ్నిపర్వతం పక్కకు పోయింది. గ్రాండ్ కాన్యన్ పోయింది. బస్సులో బడికెళ్లే పిల్లకీ, మూడు కార్లున్న ఇంటి పిల్లకీ మిగిలింది ఒకే మైలు. పైగా 'ప్రకృతి', 'స్నేహం' లాంటి పేర్లు పెడితే ఎంత వెడల్పయినా పట్టేస్తాయి. పిల్లలు ఫోన్లో ఉన్నవాటిలోంచి ఒకటి ఏరి ఇచ్చేస్తారు. మైలు అనేసరికి ఏరడం కుదరదు, లేచి బయటికి వెళ్లి చూడాలి. పిల్లలకి పని పెట్టాలనుకునే పెద్దలు ఇంతకంటే క్లుప్తంగా రాయలేరు.

మా వీధిలోనే ఉండే ఒక తెలుగు అమ్మాయి ఇచ్చిన ఫొటో వెంట ఈ దారంతా నడుద్దాం. వాళ్ల పెరట్లో ఒక ట్రాంపోలీన్ ఉంది. పిల్లలు ఎదిగిపోయాక దాని మీద గెంతేవాళ్లు లేరు. వేసవికి తెనాలి నుంచి వచ్చిన అమ్మమ్మకి మాత్రం అది వడియాలు పెట్టడానికే పుట్టినట్టు కనిపించింది. నడుమెత్తున ఉంటుంది, వంగక్కర్లేదు. కింద నుంచి గాలి ఆడుతుంది. నల్లటి వల బట్ట మీద పలచటి పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు పరిచి, సగ్గుబియ్యం జావని గరిటెతో బిళ్లలుబిళ్లలుగా పోయడం మొదలుపెట్టింది. ఎవరైనా పక్కన నిలబడి తీసే ఫొటో అది. చీర, గరిటె, నవ్వుతున్న అమ్మమ్మ. ఆ అమ్మాయి ట్రాంపోలీన్ కిందికి దూరి, గడ్డిలో వెల్లకిలా పడుకుని, పైకి చూస్తూ తీసింది.

కింద నుంచి ఏం కనిపిస్తుందంటే, ముందు వల. అల్లిక సందుల్లోంచి ఆకాశం సన్నటి చుక్కలుగా దిగుతూ, మొత్తం మీద బూడిద కలిసిన నీలంగా ఉంటుంది. దాని మీద వడియాలు. అరగంట కిందట పోసిన వరసలో జావ అంచుల దగ్గర ఆరి పలచబడింది, అక్కడ వెలుతురు దాదాపు పూర్తిగా దాటుతోంది. మధ్యలో ఇంకా మందం ఉంది, అక్కడ మబ్బు. తర్వాతి వరసలో మబ్బు పెద్దది, తేట అంచు సన్నం. అప్పుడే పోసిన వరస మొత్తం చీకటి బిళ్లలే. ఎండుతున్న కాలమంతా ఎడమ నుంచి కుడికి ఒకే ఫొటోలో పరుచుకుంది. ఫోను కాస్త వాల్చి పట్టుకోవడం వల్ల గుండ్రాలు కోలగా మారి, వరసలు దూరం వెళ్లేకొద్దీ దగ్గరవుతాయి. కుడి మూల గరిటె నీడ. ఆ గరిటె వెనకే సూర్యుడు.

గరిటె అక్కడ ఉండడం యాదృచ్ఛికం కాదు. సూర్యుడు నేరుగా కటకంలో పడితే ఫొటో అంతా తెల్లటి పొర కమ్మేస్తుంది. దేన్నో ఒకదాన్ని అడ్డం పెట్టాలి.

"అమ్మమ్మా, గరిటె అక్కడే ఆపు, కదపకు."

"జావ గడ్డకడుతోందే తల్లీ, తొందరగా కానీ."

ఈ సంభాషణ ఫొటోలో లేదు. దాని ఫలితం మాత్రం ఉంది. గరిటె అంచు చుట్టూ సన్నటి వెలుగు గీత, గరిటె అడుగున తెగి పడబోతున్న జావ చుక్క. చాలా ఫోన్ల కెమెరాల్లో కటకం రంధ్రం పెంచడం తగ్గించడం ఉండదు, అది బిగించి వచ్చినది. ఎఫ్ 1.8 అంటే 1.8. మనిషి చేతిలో మిగిలింది మూడే. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు నొక్కాలి, ఎంత వెలుతురు తీసుకోవాలి. వెలుతురు సంగతి ఫోనుకి వదిలేస్తే అది అన్నిటినీ సగటు బూడిద రంగుకి లాగుతుంది. ఆ అమ్మాయి తెర మీద వేలుపెట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కిందికి జరిపింది. వల నల్లబడింది, వడియాల అంచులు నిలిచాయి. ఇలాంటి వల కింద దూరం కూడా లెక్కే. మామూలు ఫోను వెడల్పు కటకంతో ముప్పావు మీటరు ఎత్తున ఉన్నదాన్ని తీస్తే సుమారు మీటరు మేర ఫొటోలో పడుతుంది. అంతకంటే తలెత్తితే వరసలు తెగిపోతాయి, దించడానికి నేల అడ్డం. ట్రాంపోలీన్ ఎత్తే ఆ ఫొటోకి చట్రం కట్టింది.

ఇక ఫైలు. 'కెమెరాలోంచి వచ్చిన అసలు ఫైలే పంపాలి, మెసేజీల్లో పంపుకున్నది వద్దు' అని కాగితంలో ఉంది. ఫోను ఇచ్చిన ఫొటో 4032 పిక్సెళ్ల పొడవు, 3024 పిక్సెళ్ల వెడల్పు. దాన్నే వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు సుమారు 1600కి కుదించుకుపోతుంది. గోడ మీద పెట్టే ప్రింటు 8×10 అంగుళాలు. ప్రింటు దగ్గరగా చూసినా నునుపుగా ఉండాలంటే అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలన్నది అచ్చు పనివాళ్ల లెక్క. అంటే 3000 × 2400. అసలు ఫైలుకి అది తేలిక. కుదించినది అంగుళానికి 150 దగ్గర ఆగుతుంది. వేరే ఫొటో అయితే సరిపెట్టుకోవచ్చేమో. ఇక్కడ వల ఉంది. సన్నటి అల్లిక మీద పిక్సెళ్ల గళ్లు పడి, రెండు గళ్ల మధ్య లెక్క కుదరక, లేని అలలు పుట్టుకొస్తాయి. పట్టుచీర కట్టుకుని టీవీలో కనిపించిన యాంకర్ల జరీ మీద మెరిసే వింత చారలు అవే. కుదించిన ఫైలులో ట్రాంపోలీన్ వల అలలు తిరిగింది, అసలు ఫైలులో పోగులు పోగుల్లాగే ఉన్నాయి. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నిబంధన రాసిన చేతికి దండం పెట్టాలనిపించింది.

8×10 అన్న కొలతలో ఒక చిక్కుంది. ఫోను ఫొటో 4:3 నిష్పత్తిలో ఉంటుంది, ఈ ప్రింటు 5:4. పొడవులో సరిగ్గా పదహారో వంతు తెగాలి. కెమెరాతో తీసే పిల్లలకి ఇంకా కష్టం. అక్కడ సాధారణంగా నిష్పత్తి 3:2, ఆరో వంతు పోతుంది. పాత రోజుల్లో ఈ బాధ లేదు. హైదరాబాదు నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ పెద్ద గాజు పలకల మీద ఫొటోలు తీసి, ఆ పలకనే కాగితానికి ఆనించి ప్రింటు తీసేవాడు. పలక ఎంతో ప్రింటూ అంతే. ఇప్పుడు ఆ కోత ఎవరు కోయాలి? షాపు యంత్రానికి వదిలేస్తే అటూ ఇటూ సమానంగా కోసేస్తుంది. ఈ కాగితం మాత్రం, కత్తిరింపు పోటీదారే చేసి, ఆ ప్రతిని అసలు ఫైలుతో పాటు పంపాలంటుంది. ఆ అమ్మాయి ఎడమవైపు కోసింది. అక్కడ ట్రాంపోలీన్ ఇనుప కమ్మీ కొంచెం కనిపిస్తూ ఉండేది. అది పోగానే ఇది ఎక్కడిదో ఏమిటో వెంటనే తెలియని ఫొటో అయింది. కుడివైపు గరిటెకీ అంచుకీ మధ్య ఖాళీ అలాగే ఉంది. గరిటె ఇంకా కదలడానికి చోటుండాలి కదా. పదహారో వంతు కోతలో అంత ఆలోచన పట్టింది.

దిద్దుబాట్ల గురించి రెండు వాక్యాలు. వెలుతురు, రంగు సరిచేసుకోవచ్చు, నలుపు తెలుపు చేసుకోవచ్చు, కత్తిరించవచ్చు. ఫొటోలో లేనిది చేర్చకూడదు, ఉన్నది చెరపకూడదు, కృత్రిమ మేధతో చేసిన బొమ్మ పంపకూడదు. ఈ చివరి మాట కొత్తది. 2023లో సోనీ ప్రపంచ ఫొటోగ్రఫీ పురస్కారాల్లో ఒక విభాగంలో గెలిచిన జర్మన్ కళాకారుడు బోరిస్ ఎల్డాగ్సెన్, తన బొమ్మ కృత్రిమ మేధతో చేసినదని తనే చెప్పి బహుమతి వద్దన్నాడు. మరుసటి ఏడు మైల్స్ ఆస్ట్రే అనే ఫొటోగ్రాఫరు తిరగేసి ఆడాడు. తలలేనట్టు కనిపించే ఒక నిజమైన ఫ్లెమింగో ఫొటోని 1839 పురస్కారాల కృత్రిమ మేధ విభాగానికి పంపి బహుమతి కొట్టాడు, నిజం చెప్పాక అనర్హుడయ్యాడు. మోసం యంత్రాలతో పుట్టిందేం కాదు. 2009లో లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వన్యప్రాణి ఫొటో పోటీలో గెలిచిన, గేటు మీంచి దూకే తోడేలు, పెంపుడుదై ఉండవచ్చని తేల్చి తర్వాతి జనవరిలో బహుమతి వెనక్కి తీసుకున్నారు. నిబంధనల కాగితాలు ఇలాంటి దెబ్బలు తిన్నాకే పొడుగవుతాయి.

పిల్లల పోటీలో అంత పోలీసుగిరీ ఉండదు, ఉండకూడదు కూడా. అయినా అసలు ఫైలు అడగడంలో ఒక తెలివి ఉంది. ప్రతి ఫొటో ఫైలులోపలా కెమెరా రాసుకునే చిన్న చిట్టా ఉంటుంది. 1995లో వచ్చిన ఎగ్జిఫ్ అనే ప్రమాణం ప్రకారం కెమెరా కంపెనీలు దాన్ని ఒకే పద్ధతిలో రాస్తున్నాయి. ఏ తేదీ, ఎన్ని గంటలకి, షట్టరు ఎంతసేపు తెరుచుకుంది, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే కొలత) ఎంత. వడియాల ఫొటో చిట్టాలో ఉదయం పదకొండు దరిదాపు సమయం, సెకనులో 2500వ వంతు, ఐఎస్ఓ 50. జావ చుక్క గాల్లో ఎందుకు నిలిచిపోయిందో ఆ రెండో అంకె చెబుతుంది. ఫోనులో లొకేషన్ ఆన్ చేసి ఉంటే, అదే చిట్టాలో ఫొటో తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉంటుంది. మైలు నిబంధన పాటించారో లేదో చూడడానికి అది అక్కరకొస్తుంది. చూశాక లైబ్రేరియన్ చేసే మొదటి పని ఆ చోటుని ఫైలులోంచి తుడిచేయడం. మైనరు పిల్ల పెరడు ఎక్కడుందో ప్రపంచానికి తెలియనక్కర్లేదు. ఈ మాట కాగితంలో లేదు, ఆవిడ బల్ల మీది చేయాల్సిన పనుల జాబితాలో ఉంది.

సంతకాల భాగం చిన్నక్షరాల్లో ఉంటుంది గానీ, నా దృష్టిలో కాగితం మొత్తంలో అంత శ్రద్ధగా చెక్కిన భాగం ఇంకోటి లేదు. ఫొటో మీద హక్కు తీసినవాళ్లదే. అమెరికా చట్టంలో ఫొటో తీసిన క్షణానే ఆ హక్కు పుడుతుంది, వయసుతో పని లేదు. వ్యాపారం కోసం పెట్టే కొన్ని పోటీల్లో ఇక్కడే మెలిక ఉంటుంది. పంపిన ప్రతి ఫొటోనూ ఎప్పటికైనా, ఎక్కడైనా, దేనికైనా వాడుకునే హక్కు నిర్వాహకులకు రాసిచ్చినట్టే అని ఎక్కడో మూలన ఉంటుంది. ఈ కాగితం గ్రంథాలయానికి అడిగింది రెండే. ప్రదర్శన గోడ మీద పెట్టుకోవడం, ఈ పోటీ గురించి చెప్పేటప్పుడు వాడుకోవడం. తీసిన పిల్ల సంతకం ఒకచోట, తల్లిదో తండ్రిదో ఇంకోచోట. పద్దెనిమిది నిండనివాళ్ల ఒప్పందం ఒక్కటే నిలవదు కాబట్టి పెద్దల సంతకం. ఫొటో పిల్లది కాబట్టి పిల్ల సంతకం. రెండోది చాలామంది మర్చిపోతారు. ఫొటోలో గుర్తుపట్టగలిగే మనుషులుంటే వాళ్ల అంగీకారం వేరే కాగితం మీద. వడియాల ఫొటోకి అది అక్కర్లేకపోయింది. ఒక చేతి నీడ, గరిటె. అమ్మమ్మని గుర్తుపట్టాలంటే ఆవిడ గరిటె పట్టే తీరు తెలిసుండాలి.

అన్నీ అందాక ఒక్కో ఫొటోకి ఒక అంకె ఇస్తారు. పేర్లూ అంకెలూ కలిసి ఉన్న జాబితా లైబ్రేరియన్ దగ్గర ఒక్క ప్రతి. ఫొటో ముందువైపు పేరు, తేదీ, చేవ్రాలు ఏదీ ఉండకూడదు. మన ఊళ్లలో పోటీలకు వెళ్లొచ్చినవాళ్లకి దీని విలువ వేరే చెప్పాలా? ఫలానా మాస్టారి కొడుకు అని తెలియడం ఒక్కటే చాలు, చూపు వంకర పోవడానికి.

ప్రింట్లు పిల్లలు తేరు, గ్రంథాలయమే వేయిస్తుంది. అన్నీ ఒకే యంత్రం, ఒకే కాగితం, పూర్తి మెరుపుతోనూ కాకుండా మెరుపే లేకుండానూ కాకుండా మధ్యస్థంగా ఉండే లస్టర్ రకం. ఇది ఖర్చు తగ్గించే ఏర్పాటని మొదట అనుకున్నాను. ఖరీదైన షాపులో ప్రింటు వేయించినవాళ్లకి దొరికే మెరుగుని తీసేసే ఏర్పాటు అది. ఇక్కడొక సాంకేతికమైన చిక్కు. తెర తనే వెలుగుతుంది, కాగితం తన మీద పడ్డ వెలుతురునే తిప్పి ఇస్తుంది. తెర మీద చూసుకుని మురిసిన ఫొటో కాగితం మీద ఒక మెట్టు చీకటిగా వస్తుంది. వడియాల ఫొటో అసలే చీకటి. మొదటి నమూనా ప్రింటులో వల నల్లటి ముద్దైపోయింది. పోటీదారుని పిలిచి నమూనా చూపించి, కావాలంటే వెలుతురు సరిచేసి ఫైలు మళ్లీ ఇవ్వమనడం కూడా ఇక్కడి పద్ధతుల్లో ఒకటి. ఆ అమ్మాయి నీడల్ని మాత్రమే కొద్దిగా లేపి, వెలుగు భాగాల జోలికి పోకుండా తిరిగిచ్చింది. పోగులు మళ్లీ విడివడ్డాయి.

ఇప్పుడు పటం కట్టడం. వారాంతాల్లో వచ్చి సాయం చేసే ఒక రిటైరైన ఫ్రేముల పనివాడు ఈ భాగం చూసుకుంటాడు. ప్రింటు చుట్టూ వచ్చే మందపాటి తెల్ల అట్టని మ్యాట్ అంటారు. ప్రింటు 8×10 అయితే బయటి అట్ట 11×14. మధ్యలో కోసే కిటికీ 8×10 కాదు, ఏడున్నర × తొమ్మిదిన్నర. చుట్టూ పావు అంగుళం ప్రింటు అట్ట వెనక్కి పోవాలి, లేకపోతే అంచు జారి తెల్లగీత కనిపిస్తుంది. నిలువు ఫొటో అయితే పక్కల అంగుళం ముప్పావు, పైన రెండంగుళాలు, కింద రెండున్నర. కింద ఎక్కువ ఎందుకంటే, సమానంగా వదిలితే కంటికి బొమ్మ కిందికి జారినట్టు కనిపిస్తుంది.

కోత వెనక వైపు నుంచి. అట్టని తిరగేసి, పెన్సిలుతో నాలుగు గీతలు మూలల్లో ఒకదాన్నొకటి దాటేలా గీస్తాడు. కింద పాత అట్ట ముక్క వేస్తాడు, బ్లేడు దిగినప్పుడు ఆనిక ఉండాలి, లేకపోతే ముందువైపు అంచు నూగులేస్తుంది. మ్యాట్ కట్టర్‌లో బ్లేడు నిటారుగా ఉండదు, 45 డిగ్రీలు వాలి ఉంటుంది. ఇనుప బద్దకి ఆనించి, గీత దగ్గర బ్లేడు దించి, ఒకే ఒత్తిడితో ఒక్కసారిగా లాగాలి. మధ్యలో ఆగితే ఆగినచోట గాటు పడుతుంది. అసలు నేర్పు మూలలో ఉంది. బ్లేడు వాలి ఉంది కాబట్టి వెనకవైపు గీత దగ్గరే ఆపితే ముందువైపు మూల తెగదు. వెంట్రుకంత దాటాలి. ఎక్కువ దాటితే ముందువైపు మూలలో గాటు కొంకిలా కనిపిస్తుంది. ఆ వెంట్రుక ఎంతో అతను కొలవడు, చేతికి తెలుసు. నాలుగు కోతలు అయ్యాక అట్టని ఎత్తితే మధ్య ముక్క దానంతటదే ఊడి బల్ల మీద పడాలి. గోరు పెట్టి పీకాల్సి వచ్చిందంటే మూల తెగలేదని అర్థం. అప్పుడు పీకడు. పలచటి బ్లేడుని అదే వాలులో మూలలోకి జొనిపి, ఒక్క పోగు తెంపుతాడు. తిప్పి చూస్తే కిటికీ చుట్టూ అట్ట లోపలి తెల్లటి వాలు అంచు, సన్నటి వెలుగు గీతలా. చూసేవాళ్లలో నూటికి తొంభై మంది దాన్ని గమనించరు. దాని వల్లే కన్ను లోపలికి జారుతుంది.

మ్యాట్ అందం కోసమే అనుకుంటే పొరపాటు. దాని మందమే ప్రింటుకీ అద్దానికీ మధ్య ఖాళీ. అద్దానికి నేరుగా ఆనిన ప్రింటు తేమ రోజుల్లో దానికే అంటుకుపోతుంది, తర్వాత ఊడదీస్తే బొమ్మ అద్దంతో వచ్చేస్తుంది. మన ఇళ్లలో పెళ్లి ఫొటోలు ఎన్ని అలా పాడయ్యాయో! ప్రింటుని జిగురుతో అట్టకి అతికించరు. మూలలకి కాగితపు తొడుగులు తొడిగి, ఆ తొడుగుల్ని అట్టకి అతికిస్తారు. ప్రదర్శన అయ్యాక ప్రింటు చెక్కుచెదరకుండా బయటికొస్తుంది.

గోడ మీద పటం మధ్య భాగం నేలకి 57 అంగుళాల ఎత్తున ఉండాలి. మ్యూజియాల్లో సాధారణంగా పాటించే కంటి ఎత్తు అది. పైఅంచులు కలపరు, కింది అంచులు కలపరు, మధ్యలు కలుపుతారు. నిలువు ఫొటో పక్కన అడ్డం ఫొటో పడ్డా వరస చెదరదు. ఎండ నేరుగా పడే గోడ వాడరు. ఇంతకుమించి చెప్పడానికేం లేదు, మేకు కొట్టడం మేకు కొట్టడమే.

న్యాయనిర్ణయం రోజు ముగ్గురు వస్తారు. ఒక ఫొటోగ్రాఫరు, ఒక చిత్రలేఖనం టీచరు, పేర్ల జాబితా చూడని వేరే లైబ్రేరియన్ ఒకరు. మొదటి చుట్టు మాట్లాడుకోకుండా తిరగాలి. ఒకరు గట్టిగా 'అబ్బ' అంటే మిగతా ఇద్దరి కళ్లు అటే పోతాయి. రెండో చుట్టులో సాంకేతిక పనితనానికి, కూర్పుకి, కొత్త చూపుకి మార్కులు. ఆ మార్కులతో చివరి వరసకి వచ్చే కొన్నింటిని ఏరుతారు. బహుమతులు మాత్రం మార్కుల మొత్తంతో తేల్చరు. ఇది నాకు బాగా నచ్చిన కీలు. ఒక ఫొటోకి ముగ్గురు 8, 8, 5 వేశారనుకోండి, ఇంకోదానికి 7, 7, 10. మొత్తం చూస్తే 21, 24, రెండోది గెలిచింది. నిజానికి ముగ్గురిలో ఇద్దరు మొదటిదే మేలన్నారు. ఐదు నుంచి పది దాకా ఊగే చేయి ఒకటి, ఏడుకీ ఎనిమిదికీ మధ్య నడిచే రెండు చేతుల్ని తొక్కేసింది. అందుకే చివరి చుట్టులో మార్కులు పక్కన పెట్టి, ఎవరికి వాళ్లు ఒకటి, రెండు, మూడు అని వరస మాత్రమే రాస్తారు. ఆ అంకెలు కూడితే ఎవరికి తక్కువ వస్తే వాళ్లు ముందు. పై ఉదాహరణలో మొదటిదానికి 1, 1, 2 కలిపి 4, రెండోదానికి 2, 2, 1 కలిపి 5. ఉదారంగా వేసేవాళ్ల ఓటుకీ, పిసినారి ఓటుకీ ఒకే బరువు.

వడియాల ఫొటోకి రెండో బహుమతి వచ్చింది. మొదటిది చాకలి యంత్రాల దుకాణంలో తీసినది, గుండ్రటి గాజు తలుపులో తిరుగుతున్న బట్టల మీద తీసినవాడి మొహం నీడ. దానికే రావాలి అనిపించింది నాకు కూడా.

ప్రేక్షకుల బహుమతి వేరే లెక్క. చీటీల పెట్టె ఒకటి గోడ చివర పెడతారు, మొదట్లో కాదు. మొదట్లో పెడితే తమ పిల్ల అంకె రాసి వేసి వెళ్లిపోతారు. చివరిదాకా నడిస్తే మిగతావి కూడా కంట పడతాయి. చుట్టాలున్నవాళ్లే ఇక్కడ గెలుస్తారని అందరికీ తెలుసు, లైబ్రేరియన్‌కి ఇంకా బాగా తెలుసు. అందుకే ఆ లెక్కని నిపుణుల లెక్కతో కలపరు. చుట్టాలందర్నీ గ్రంథాలయానికి రప్పించడమే ఆ పెట్టె పని.

మన తెలుగు రాష్ట్రాల గ్రంథాలయాల్లో నవంబరు 14 నుంచి 20 దాకా వారోత్సవాలు జరుగుతాయి. వ్యాసరచన, చిత్రలేఖనం, వక్తృత్వం పోటీలు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇంటిపన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను అక్కడ కడుతూనే ఉన్నారు. ఫొటో పోటీకి కావాల్సిన ఫోను ఇప్పుడు చాలా ఇళ్లలో ఉంది, 8×10 ప్రింటు ప్రతి ఊరి కలర్ ల్యాబులో వస్తుంది. ఇక మ్యాట్ కోత. దేవుడి పటాలు కట్టే షాపుల్లో చెక్క మూలలు రోజూ 45 డిగ్రీలకే కోస్తారు. ఆ చేతులకి అట్ట కోయడం నేర్పితే రెండు పూటల పని. అన్నిటికంటే కష్టమైనది మ్యాట్ కాదు, పేర్ల జాబితా ఒక్కరి దగ్గరే ఉంచడం.

ప్రదర్శన ముగిశాక ప్రింటుని తీసినవాళ్లకే ఇచ్చేస్తారు, మ్యాట్‌తో సహా. దాని వెనక ఒక చీటీ, ముగ్గురు న్యాయనిర్ణేతలూ తలా ఒక వాక్యం రాయాలి. 'బాగుంది' అని రాయకూడదని వాళ్లకి ముందే చెబుతారు. ఫొటోగ్రాఫరు రాసిన వాక్యం ఇలా ఉంది: గరిటె అంచు దగ్గర వెలుగు కొంచెం పొంగింది, వెలుతురు ఇంకో అర స్టాపు తగ్గించి చూడాల్సింది. ఆ అమ్మాయి దాన్ని చదివి ఒప్పుకోలేదు. ఫోను తీసి, అర స్టాపు తగ్గించి తీసినదీ, ఒక స్టాపు తగ్గించినదీ రెండూ నాకు చూపించింది. వాటిలో గరిటె అంచు నిజంగానే శుభ్రంగా ఉంది. మొదటి వరస వడియాల తేట అంచులు మాత్రం వలలో కలిసిపోయాయి, ఏది ఆరిందో ఏది ఆరలేదో తేడా తెలియడం లేదు. "గరిటె కోసం వడియాలు పోగొట్టుకోమంటారా అంకుల్?" అంది.